అమెరికా ఇంటిపన్ను బకాయిల వేలం: 18 శాతం వడ్డీ ఎవరి చేతికి?

(మా వాణిజ్య విలేఖరి)

మిర్చి, పసుపు, పత్తి, బియ్యం బేరాలు చేసే మన వర్తకుల కుటుంబాలలో అమెరికాలో స్థిరపడిన కొడుకో, కూతురో, అల్లుడో వున్న ఇళ్లు ఇప్పుడు అనేకం. ఆ పిల్లల ద్వారా, వారి స్నేహితుల ద్వారా ఒక కొత్త మదుపు కబురు మార్కెట్ వీధుల దాకా వస్తున్నది. అక్కడి ఇళ్ల మీద పేరుకున్న పన్ను బకాయిలను వేలంలో కొనవచ్చునని, ఏడాదికి 16 నుంచి 24 శాతం దాకా వడ్డీ వస్తుందని, ఇంటి యజమాని చెల్లించకపోతే ఇల్లే మన సొంతమవుతుందని ఆ కబురు సారాంశం. ఈ మదుపు మెళకువలు నేర్పుతామంటూ అక్కడ హోటళ్లలో సభలు పెట్టి, రుసుము తీసుకుని శిక్షణ ఇచ్చేవారు కూడ వున్నారు.

ఈ ప్రచారంలో చట్టానికి సంబంధించినంత వరకు చాలా భాగం నిజమే. కాని చట్టంలో రాసి వున్న గరిష్ఠ వడ్డీ వేరు, పాటదారు చేతికి వచ్చే వడ్డీ వేరు. ఈ రెండింటి నడుమ ఎంత దూరం వున్నదో, 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో ఈ వ్యాపారం లెక్కలు ఎలా మారాయో వివరించడమే ఈ వ్యాసం వుద్దేశం.

బకాయి ఎలా పుడుతుంది?

అమెరికాలో ఇంటిపన్ను వసూలు చేసేది కేంద్ర ప్రభుత్వం కాదు. మన జిల్లాతో పోల్చదగిన కౌంటీలు, కొన్ని రాష్ట్రాలలో పట్టణాలు, నగరాలు దానిని వసూలు చేస్తాయి. బడులు, రోడ్లు, పోలీసులు, అగ్నిమాపక దళాల ఖర్చులో పెద్ద భాగం ఈ పన్ను నుంచే గడుస్తుంది. కాబట్టి అక్కడ ఇంటిపన్ను మన వూళ్లలో మాదిరి స్వల్పమైన మొత్తం కాదు. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్, న్యూజెర్సీ రాష్ట్రాలు ఈ పన్ను అధికంగా వుండేవాటిలో చేరతాయి. ఇంటి విలువలో నూటికి 2 వంతున పన్ను పడుతుందనుకుంటే, 4 లక్షల డాలర్ల ఇంటికి ఏటా 8 వేల డాలర్లు కట్టవలసి వుంటుంది. అప్పు తీరిపోయిన సొంత ఇల్లే అయినా, ఈ పన్ను మాత్రం జీవితాంతం తప్పదు.

యజమాని గడువులోగా చెల్లించకపోతే ఆ బకాయి ఇంటి మీద ‘లియన్’ అవుతుంది. అనగా ఆ ఆస్తి నుంచి ఆ బాకీని రాబట్టుకునే హక్కు. ఈ హక్కు సాధారణంగా బ్యాంకు తనఖా కన్నా కూడ ముందు నిలుస్తుంది. బ్యాంకు ఇరవై ఏళ్ల క్రితం అప్పు ఇచ్చి వుండవచ్చు, పన్ను బకాయి నిన్నటిది కావచ్చు. అయినా మొదటి హక్కు పన్నుదే. మదుపుదారులను ఆకర్షించేది ఈ మొదటి హక్కే.

కౌంటీకి రొక్కం వెంటనే కావాలి. బడి పంతుళ్ల జీతాలు బకాయిదారు చెల్లించేదాకా ఆగవు. అందుచేత బకాయిని ప్రైవేటు వ్యక్తులకు పాట పెట్టి, ఆ రొక్కాన్ని ఖజానాకు జమ చేసుకుంటుంది. వర్తకుల భాషలో చెప్పాలంటే ఇది ఒక విధంగా హుండీని డిస్కౌంటు చేయించుకోవడం వంటిదే. అయితే ఇక్కడ తగ్గేది హుండీ మొత్తం కాదు, వడ్డీ.

రెండు పద్ధతులు

రాష్ట్రానికి ఒక చట్టం వుండడం వల్ల పద్ధతులు అనేకం. ముఖ్యంగా రెండు రకాలని చెప్పవచ్చు.

మొదటిది ‘ట్యాక్స్ లియన్’ పద్ధతి. ఫ్లోరిడా, అరిజోనా, న్యూజెర్సీ, అయోవా మొదలైన రాష్ట్రాలలో ఇది అమలులో వుంది. ఇందులో పాటదారు కొనేది ఇంటిని కాదు, బకాయిని మాత్రమే. బకాయి మొత్తం కౌంటీకి చెల్లించి ఒక సర్టిఫికెట్ తీసుకుంటాడు. యజమాని తరువాత ఆ బకాయిని వడ్డీతో సహా కౌంటీకి కట్టి ఇంటిని విడిపించుకుంటాడు. కౌంటీ ఆ సొమ్మును సర్టిఫికెట్‌దారుకు పంపుతుంది. పాటదారుకు ఇంటి తాళం చెవి ఇవ్వరు. ఇంటి గడప తొక్కే హక్కు కూడ వుండదు. ఫ్లోరిడాలోనైతే సర్టిఫికెట్ జారీ అయిన ఏడాది ఏప్రిల్ 1 నుంచి రెండు సంవత్సరాలు గడిచేదాకా, బాకీ కట్టమని యజమానిని నేరుగా గాని, మనిషిని పెట్టి గాని అడగరాదని చట్టం.

రెండవది ‘ట్యాక్స్ డీడ్’ పద్ధతి. ఇందులో కౌంటీ ఇంటినే వేలం వేస్తుంది. పాట గెలిచినవారికి దస్తావేజు ఇస్తుంది. కాలిఫోర్నియా ఈ కోవకు చెందినది. అక్కడ మామూలుగా అయిదేళ్లు పన్ను బకాయి పడిన ఆస్తిని వేలానికి పెడతారు. వేలానికి ముందరి చివరి పనిరోజు సాయంత్రం దాకా బకాయి పూర్తిగా కట్టి విడిపించుకునే అవకాశం యజమానికి వుంటుంది. ఆ తరువాత వుండదు.

ఈ రెండింటికీ మధ్యస్థంగా మరొక పద్ధతి టెక్సాస్, జార్జియా రాష్ట్రాలలో వుంది. అక్కడ నెలలో మొదటి మంగళవారం వేలం జరుగుతుంది. దస్తావేజు పాటదారుకు ఇస్తారు గాని, యజమానికి తిరిగి విడిపించుకునే గడువు కూడ వుంటుంది. టెక్సాస్‌లో యజమాని కాపురమున్న ఇల్లు, వ్యవసాయ భూమి అయితే గడువు రెండేళ్లు. ఇతర ఆస్తులకు 180 రోజులు. మొదటి సంవత్సరంలో విడిపించుకుంటే పాటదారుకు నూటికి 25, రెండవ సంవత్సరంలో అయితే నూటికి 50 అదనంగా చెల్లించాలి. జార్జియాలో మొదటి ఏడాది అదనం నూటికి 20.

వడ్డీ పాటలో ఎలా కరుగుతుంది?

ఫ్లోరిడాలో సర్టిఫికెట్‌పై గరిష్ఠ వడ్డీ ఏడాదికి 18 శాతం. అరిజోనాలో 16 శాతం. ప్రకటనలలో కనిపించేవి ఈ అంకెలే. కాని ఇవి పాట ప్రారంభమయ్యే అంకెలు. పాట ముగిసే అంకెలు కావు.

చిట్టీ పాట చూసిన వర్తకులకు ఈ విషయం వెంటనే బోధపడుతుంది. చిట్టీలో రొక్కం అవసరమైనవాడు ఎక్కువ తోసుబాటుకు ఒప్పుకుని పాట గెలుస్తాడు. ఇక్కడ రొక్కం చేతిలో వున్నవాడు తక్కువ వడ్డీకి ఒప్పుకుని గెలుస్తాడు. ఒకడు 18 అంటే మరొకడు 14 అంటాడు, ఇంకొకడు 9 అంటాడు. ఫ్లోరిడాలో పావు శాతం వంతున తగ్గించుకుంటూ పోవచ్చు. వేలం ఇప్పుడు చాలా కౌంటీలలో ఇంటర్‌నెట్ ద్వారానే జరుగుతున్నది. పెద్ద పెద్ద నిధులు, బ్యాంకుల పెట్టుబడితో నడిచే సంస్థలు వేలాది సర్టిఫికెట్లకు ఒకేసారి పాట వేస్తాయి. మంచి ఇళ్ల మీది సర్టిఫికెట్లకు పాట పావు శాతం దాకా దిగిన సందర్భాలు కూడ వున్నాయి.

పావు శాతానికి ఎవరైనా ఎందుకు కొంటారన్న సందేహం కలగడం సహజం. ఫ్లోరిడా చట్టంలో ఒక మెలిక వుంది. యజమాని ఎప్పుడు విడిపించుకున్నా, వడ్డీ 5 శాతానికి తక్కువైతే కనీసం 5 శాతం చెల్లించాలి. పాటదారుల గురి ఈ కనీసపు సొమ్ము మీదనే. ఉదాహరణకు 3,000 డాలర్ల సర్టిఫికెట్ పావు శాతానికి పాడారనుకుందాం. యజమాని నెల రోజులలో విడిపించుకుంటే పాటదారుకు 150 డాలర్లు ముడతాయి. నెలకు 5 శాతం గిట్టుబాటు గొప్పదే. కాని అదే యజమాని రెండేళ్లు ఆగి కడితే, అప్పుడు ముట్టేది కూడ ఆ 150 డాలర్లే. అనగా ఏడాదికి రెండున్నర శాతం. ఎవరు ఎప్పుడు కడతారో పాటనాడు తెలియదు. వందల సర్టిఫికెట్లు కొన్న సంస్థకు సగటు మీద లెక్క కుదురుతుంది. రెండు మూడు కొన్న చిన్న మదుపుదారుకు అది అదృష్టం మీద ఆధారపడిన విషయం.

న్యూజెర్సీలో వడ్డీ 18 నుంచి సున్నా దాకా దిగిన తరువాత, పాట ఎదురు తిరిగి ‘ప్రీమియం’ ఇచ్చే దాకా పోతుంది. అనగా సర్టిఫికెట్ చేజిక్కించుకోవడానికి పాటదారు తానే పైన కొంత సొమ్ము కడతాడు. ఆ సొమ్ముకు వడ్డీ రాదు. యజమాని అయిదేళ్లలోగా విడిపించుకుంటే ప్రీమియం తిరిగి వస్తుంది, లేకపోతే పట్టణ ఖజానాకు చేరుతుంది. ఆ తరువాతి సంవత్సరాల పన్నును తానే కడితే, దాని మీద 18 శాతం దాకా వడ్డీ దొరుకుతుందన్న ఆశతోనే వారు ఈ పాటకు దిగుతారు. అయోవాలో నెలకు 2 శాతం వడ్డీ స్థిరంగా వుంటుంది గాని, ఆస్తిలో తనకు వచ్చే హక్కు వాటాను తగ్గించుకుంటూ పాడాలి. పద్ధతి ఏదైనా, లాభం కనిపించిన చోట పోటీ వచ్చి దానిని పలుచన చేస్తుందన్న బజారు సూత్రం ఇక్కడ కూడ తప్పడం లేదు.

మంచి సరకు పోయి తాలు మిగులుతుంది

ఇల్లే మన సొంతమవుతుందన్న రెండవ ఆకర్షణను ఇప్పుడు పరిశీలిద్దాం.

ఇంటి మీద బ్యాంకు తనఖా వున్నదనుకుందాం. పన్ను బకాయి వల్ల ఇల్లు వేలంలో పోతే బ్యాంకు తన హక్కును కోల్పోయే ప్రమాదం వుంది. కాబట్టి బ్యాంకు అంతదాకా రానివ్వదు. చాలామంది నుంచి నెలసరి వాయిదాతో పాటే పన్ను సొమ్మును ముందుగా వసూలు చేసుకుని తానే కడుతుంది. అప్పటికీ బకాయి పడితే బ్యాంకే చెల్లించి, ఆ మొత్తాన్ని అప్పు ఖాతాలో వేస్తుంది. తనఖా లేకపోయినా విలువైన ఇల్లు అయితే యజమాని ఎక్కడో ఒకచోట చేబదులు తెచ్చి కడతాడు, లేదా ఇంటిని అమ్మి కడతాడు. అందువల్లనే అత్యధిక సర్టిఫికెట్లు గడువులోగా విడుదలవుతాయి.

గడువు దాటినా ఎవరూ విడిపించని ఆస్తి ఎటువంటిది? రెండు ఇళ్ల నడుమ మిగిలిన నాలుగడుగుల పట్టీ కావచ్చు. వర్షపు నీరు నిలిచే గుంట కావచ్చు. దారిలేని చిత్తడి నేల కావచ్చు. కాలిపోయిన ఇల్లు, కూల్చివేతకు నోటీసు అంటించిన ఇల్లు కావచ్చు. భూమిలోకి నూనె ఇంకిన పాత పెట్రోలు బంకు స్థలమైతే, దస్తావేజు పుచ్చుకున్నవారి మీదనే శుభ్రం చేయించే ఖర్చు పడవచ్చు. మంచి గింజను యజమానులు, బ్యాంకులు ముందే ఏరుకుపోగా, మిగిలే రాశిలో తాలు ఎక్కువ. ఆస్తి తన చేతికి వస్తున్నదంటే సంతోషించే ముందు, అది ఇంతమందికి ఎందుకు అక్కరలేకపోయిందని పాటదారు ఆలోచించుకోవాలి.

మరొక సంగతి. ఫ్లోరిడాలో సర్టిఫికెట్‌దారుకు ఇల్లు దానంతట అది రాదు. రెండేళ్ల తరువాత డీడ్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు ఆ ఆస్తి మీద ఇతరుల వద్ద వున్న సర్టిఫికెట్లను, మిగిలిన పన్నులను, ఖర్చులను తానే చెల్లించాలి. 3,000 డాలర్లతో మొదలైన మదుపు ఈ విధంగా మూడు నాలుగు రెట్లు కావచ్చు. ఆ తరువాత ఇంటిని బహిరంగ వేలానికి పెడతారు. ఎవరైనా పై పాట పాడితే ఇల్లు వారికి పోతుంది, దరఖాస్తుదారుకు తాను పెట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి వస్తుంది. ఎవరూ పాడకపోతేనే ఇల్లు అతనిది. ఏడేళ్లలోగా ఏ చర్యా తీసుకోకపోతే సర్టిఫికెట్ చెల్లనిదై, అసలుకే నీళ్లు వదలవలసి వస్తుంది. అరిజోనాలో మూడేళ్లు ఆగి కోర్టులో దావా వేయాలి. న్యాయవాది ఫీజు వేరే.

దస్తావేజు వచ్చినా చిక్కులు

డీడ్ పాటలో ఇల్లు ‘వున్నది వున్నట్లు’ అమ్ముతారు. లోపలికి వెళ్లి చూడనివ్వరు. లోపల ఎవరైనా వుంటే ఖాళీ చేయించుకునే బాధ్యత కొన్నవారిదే. పన్ను డీడ్ వల్ల బ్యాంకు తనఖా సాధారణంగా రద్దయినా, ఫ్లోరిడాలో పురపాలక సంఘం బకాయిలు మిగిలి వుంటాయి. పెరటి గడ్డి కోయించనందుకు రోజువారీగా వేసిన జరిమానాలు ఇంటి విలువను మించిపోయిన పక్షంలో, చవకగా కొన్న ఇల్లు ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది. కేంద్ర ఆదాయపు పన్ను శాఖకు ఆ ఇంటి మీద లియన్ వుంటే, వేలం జరిగినప్పటి నుంచి కనీసం 120 రోజుల దాకా ఆ శాఖ ఇంటిని విడిపించుకోవచ్చు.

పన్ను డీడ్ ద్వారా వచ్చిన ఆస్తికి టైటిల్ బీమా ఇవ్వడానికి కంపెనీలు తటపటాయిస్తాయి. ఆ బీమా లేకపోతే తిరిగి అమ్మేటప్పుడు కొనేవారికి బ్యాంకు అప్పు దొరకదు. హక్కు స్పష్టం చేయించుకోవడానికి కోర్టులో దావా వేసి, నెలల తరబడి ఆగవలసి వుంటుంది.

డెట్రాయిట్ నగరమున్న వేన్ కౌంటీలో 2008 ఆర్థిక సంక్షోభం తరువాతి సంవత్సరాలలో 500 డాలర్ల నుంచి ఇళ్ల పాట మొదలయ్యేది. దేశవిదేశాల నుంచి మదుపుదారులు చూడకుండానే కొన్నారు. నీటి గొట్టాలు, రాగి తీగలు వూడబెరుక్కుపోయిన ఇళ్లు చాలామందికి దక్కాయి. మరమ్మతుకు సొమ్ము పెట్టలేక, మరుసటి ఏడాది పన్ను తామే బకాయి పడి, ఆ ఇళ్లను తిరిగి వేలానికి వదిలినవారు కూడ వున్నారు. మన తెలుగులో దీనికి వేలంవెర్రి అని మంచి మాట వున్నది.

2023 తీర్పు

చాలాకాలం పాటు కొన్ని రాష్ట్రాలలో మరొక విచిత్రం వుండేది. బకాయి ఎంత స్వల్పమైనా ఇంటి విలువ మొత్తం పోయేది. మిషిగన్ రాష్ట్రంలో ఒక యజమాని పన్నులో 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ కట్టాడు. వడ్డీ, ఖర్చులు కలిపి సుమారు 286 డాలర్లయింది. కౌంటీ ఆ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి, మిగులు మొత్తాన్ని తానే వుంచుకున్నది. ఇది రాజ్యాంగ విరుద్ధమని మిషిగన్ సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది.

తరువాత అదే తగవు మిన్నెసోటా నుంచి దేశ అత్యున్నత న్యాయస్థానానికి పోయింది. మినియాపోలిస్‌లో ఒక వృద్ధురాలి అపార్టుమెంటు మీద పన్ను, వడ్డీ, జరిమానాలు కలిపి సుమారు 15,000 డాలర్ల బకాయి పడింది. కౌంటీ దానిని 40,000 డాలర్లకు అమ్మి, పైన మిగిలిన 25,000 డాలర్లను ఆమెకు ఇవ్వలేదు. టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ అనే ఈ కేసులో 2023 మే 25న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. తనకు రావలసిన బాకీ కన్నా ఎక్కువ తీసుకునే హక్కు ప్రభుత్వానికి లేదని, మిగులును పరిహారం లేకుండా వుంచుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమని దాని సారాంశం. అప్పటికి ఆ వృద్ధురాలి వయసు 94 సంవత్సరాలు.

ఈ తీర్పు దరిమిలా పలు రాష్ట్రాలు చట్టాలు సవరించుకున్నాయి. న్యూజెర్సీ, మిన్నెసోటా రాష్ట్రాలు 2024లో మార్పులు తెచ్చాయి. మదుపుదారు దృష్టిలో దీని అర్థం స్పష్టం. కొద్దిపాటి బకాయి చెల్లించి ఇంటి విలువ మొత్తాన్ని సొంతం చేసుకునే దారి క్రమంగా మూసుకుపోతున్నది. పాత పుస్తకాలు, పాత శిక్షణ పాఠాలు చెప్పే అద్భుత లాభాల కథలు చాలావరకు ఆ పాత చట్టాల నాటివి.

నోటీసు లోపిస్తే పాట రద్దు

యజమానికి నోటీసు సరిగా అందలేదని తేలితే కోర్టులు వేలాన్ని కొట్టివేస్తాయి. ఆర్కన్సా రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ఒక సూత్రం చెప్పింది. రిజిస్టరు ఉత్తరం పుచ్చుకున్నవారు లేక తిరిగి వచ్చిందని తెలిసిన తరువాత, ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోరాదు. వీలైన ఇతర మార్గాలలో తెలియజేయాలి. తనఖాదారు బ్యాంకుకు కూడ నోటీసు ఇవ్వాలని అంతకు ముందే 1983లో తీర్పు వున్నది. నోటీసు పంపడంలో కౌంటీ చేసిన పొరపాటుకు మూల్యం చెల్లించేది పాటదారు. ఇల్లు వెనక్కి పోతుంది. సొమ్ము తిరిగి వచ్చినా కాలం తిరిగి రాదు.

రింగు కట్టినవారి గతి

పాటలో పోటీ లేకుండా కొనుగోలుదారులు లోపాయికారీగా రింగు కట్టడం మన యార్డులకు తెలియని సంగతి కాదు. న్యూజెర్సీలో 1998 నుంచి 2009 దాకా కొందరు పాటదారులు సర్టిఫికెట్లను ముందుగానే పంచుకుని, ఒకరి మీద ఒకరు పాడకుండా వుండి, వడ్డీ తగ్గకుండా చూసుకున్నారు. కేంద్ర న్యాయశాఖ కేసులు పెట్టగా అనేకమంది నేరం ఒప్పుకున్నారు. ఈ నేరానికి వ్యక్తులకు పదేళ్ల దాకా జైలు, పది లక్షల డాలర్ల దాకా జరిమానా వుంది. ఆ వడ్డీ భారం పడింది బకాయిపడిన ఇంటి యజమానుల మీదనే అన్నది గమనార్హం.

వాషింగ్టన్ నగరంలో 134 డాలర్ల బకాయితో మొదలై, కొనుగోలుదారు వేసిన ఖర్చులతో పెరిగి, ఒక వృద్ధ మాజీ సైనికుడు సొంత ఇంటిని కోల్పోయిన వుదంతం 2013లో పత్రికలలో వెలువడింది. ఆ తరువాత అక్కడి చట్టాన్ని సవరించారు. ఈ మదుపులో ఎదుటి పక్షం పెద్ద కంపెనీ కాదని, తరచు ముసలితనంలోనో, జబ్బుతోనో, వారసుల తగవుతోనో పన్ను కట్టలేకపోయిన మనిషి అని పాటదారు మరువరాదు. కోర్టులు, శాసనసభలు అటువైపే మొగ్గుతున్నాయి కాబట్టి ఇది దయాదాక్షిణ్యాల మాట మాత్రమే కాదు, వ్యాపార లెక్కలో చేర్చుకోవలసిన విషయం కూడ.

మన పద్ధతితో పోలిక

మన మునిసిపాలిటీలు ఇంటిపన్ను బకాయిని ప్రైవేటు వ్యక్తులకు అమ్మవు. నోటీసు, జప్తు వంటి చర్యలతో తామే వసూలు చేసుకుంటాయి. అయితే విడిపించుకునే హక్కు మన చట్టానికి కొత్త కాదు. సివిల్ కోర్టు వేలంలో పోయిన స్థిరాస్తిని బాకీదారు గడువులోగా బాకీ డిపాజిటు చేసి, కొన్నవారికి పాట మొత్తంపై నూటికి 5 వంతున అదనంగా ఇచ్చి, వేలాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఫ్లోరిడాలోని కనీసపు 5 శాతం మన వర్తకులకు కొంత పరిచితంగా తోచడానికి కారణం ఇదే.

వర్తకులు చూసుకోవలసినవి

అమెరికాలోని పిల్లలు తమ సొమ్ముతో ఈ మదుపు చేయదలిస్తే ఈ జాగ్రత్తలు అవసరం.

మొదటిది, ఏ రాష్ట్రం, ఏ కౌంటీ అన్నది తేల్చుకుని, ఆ కౌంటీ గత వేలాలలో వడ్డీ ఎంతకు ముగిసిందో చూడాలి. ఆ ఫలితాలను అనేక కౌంటీలు బహిరంగంగా ప్రకటిస్తాయి. చట్టంలోని గరిష్ఠ అంకె మీద లెక్క వేయరాదు.

రెండవది, ఆస్తిని పాటకు ముందు కళ్లారా చూడాలి. వీలుకాకపోతే తెలిసినవారి చేత చూపించాలి. సరకు చూడకుండా కొనే అలవాటు మన బజారులో ఎవరికీ లేదు. ఏడు సముద్రాల అవతల దానికి కారణం కనిపించదు.

మూడవది, సొమ్ము రెండు మూడేళ్లు ఇరుక్కున్నా ఇబ్బంది లేకుండా వుండాలి. ఈ సర్టిఫికెట్లకు షేర్ల మాదిరి రోజువారీ బజారు లేదు.

నాలుగవది, యజమాని దివాలా దరఖాస్తు పెడితే వసూలు చర్యలన్నీ ఆగిపోతాయి. వడ్డీ రేటును కూడ కోర్టు పరిశీలనకు తెచ్చే అవకాశం వుంది.

అయిదవది, ఇక్కడి నుంచి సొమ్ము పంపదలచినవారి సంగతి వేరు. రిజర్వు బ్యాంకు పథకం కింద నివాసి అయిన వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగల మొత్తానికి 2,50,000 డాలర్ల పరిమితి వుంది. ఈ తరహా పత్రాలకు ఆ సొమ్ము వాడవచ్చునా అన్న ప్రశ్నను ముందుగా బ్యాంకుతోను, చార్టర్డ్ అకౌంటెంటుతోను తేల్చుకోవాలి. విదేశీ ఆస్తిని ఇక్కడి ఆదాయపు పన్ను రిటర్నులో చూపవలసి వుంటుంది. బంధువు పేరున పంపి నోటిమాట మీద నడిపితే, తరువాత ఇరుపక్షాలకూ చిక్కే.

ఆరవది, శిక్షణకు వేల డాలర్లు అడిగేవారి విషయం. వేలం నిబంధనలు కౌంటీ కార్యాలయంలో ఎవరికైనా వుచితంగా లభిస్తాయి. పాటలో నిజంగా 18 శాతం దొరుకుతుంటే, దానిని పదిమందికి నేర్పి పోటీ పెంచుకోవలసిన అవసరం వారికి ఏమున్నదని ఆలోచించాలి.

అసలు కంటే వడ్డీ ముద్దు అని సామెత. పన్ను బకాయి పత్రాలలో మాత్రం వడ్డీ ఎంతన్నది పాటలోనే తేలిపోతుంది, దాని మీద మదుపుదారుకు పెత్తనం తక్కువ. అతని చేతిలో వున్నది అసలు ఒక్కటే. పత్రం వెనుక వున్న ఇల్లు ఎటువంటిది, దానిని విడిపించుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే పాటకు చేయి ఎత్తడం మంచిది.